రెండు నొక్కులు

ఏడున్నర కావడానికి ఇంకా మూడు నిమిషాలుంది. గ్లెనిస్ పొయ్యి మీద నీళ్లు పెట్టి, వ్యాన్ పక్క తలుపు జానెడు తెరిచి నది వైపు చూసింది. మే నెల, భూమికి ఈ దక్షిణపు కొసన చలి మొదలయ్యే కాలం. ముర్రే నది మీద మంచు తెరలు తెరలుగా కదులుతోంది. అవతలి ఒడ్డున పసుపురాతి గట్టు మీద గులాబిరంగు పొట్టల చిలకలు అప్పుడే రచ్చ మొదలుపెట్టాయి. ఆమె శాలువా బిగించి కప్పుకుని, అరలోంచి వాకీటాకీ లాంటి చేతి రేడియో తీసి గడియారం వైపు చూస్తూ నిలబడింది.

ఏడున్నరకి రేడియోలో టిక్, టిక్ అని రెండు చప్పుళ్లు వినిపించాయి. అవి బళ్లలో కాపురముండేవాళ్ల ఈ నదొడ్డు క్యాంపు చివర గుడారంలో ఉండే ముసలాయనవి. కాసేపటికి మరో రెండు, ఎర్ర బస్సులో ఒంటరిగా ఉండే ఆవిడవి. తర్వాత గ్లెనిస్ వంతు. రేడియో మీద బొత్తాం రెండుసార్లు నొక్కి వదిలింది. దానికి అర్థం ఒకటే. బతికే ఉన్నాను, ఎవరూ రానక్కర్లేదు.

ఈ ఏర్పాటు చేసింది మెర్వ్. డెబ్భై నాలుగేళ్లవాడు, ఒకప్పుడు గొర్రెల బొచ్చు కత్తిరించే పని చేసేవాడు. భార్య కోరల్‌తో కలిసి క్యాంపు మొదట్లో తెల్ల కారవాన్‌లో ఉంటాడు. ఒంటరిగా ఉండేవాళ్లు రోజూ ఏడున్నరకి రెండు నొక్కులు నొక్కాలి, మాటలు అక్కర్లేదు. పావుగంట దాటినా చప్పుడు రాకపోతే ఎవరో ఒకరు వెళ్లి తలుపు కొడతారు. మనుషుల్ని తప్పించుకోవాలని రోడ్డెక్కినవాళ్లకి ఇంతకంటే మర్యాదైన తోడు ఎక్కడ దొరుకుతుంది?

గ్లెనిస్ ముప్పై ఒక్క ఏళ్లు పోర్ట్ పిరీలో స్కూలు బస్సు నడిపింది. పొద్దునా సాయంత్రం వీపు వెనక నలభైమంది పిల్లల గోల. ఇంటికొస్తే భర్త ట్రెవర్‌కి టీవీ, రేడియో రెండూ ఒకేసారి మోగుతుండాలి. ట్రెవర్ పోయాక ఇల్లంతా ఓదార్చేవాళ్లతో నిండిపోయింది. వాళ్లు తెచ్చిన గిన్నెలు ఎవరివి ఎవరికి ఇవ్వాలో కూడా తెలియనంతమంది వచ్చారు. నాలుగు నెలలు చూసి, ఇల్లు అమ్మి ఈ వ్యాన్ కొనుక్కుంది. మొదటి ఏడు ఉప్పు సరస్సు పక్కన రెండు నెలలు ఒక్కతే ఉండిపోయి, చివరికి కెటిల్‌తో పోట్లాడటం మొదలుపెట్టింది. రెండో ఏడు భయపడి పదకొండు బళ్ల గుంపుతో కలిసి తిరిగి, మూడు వారాలకే పారిపోవాలనిపించింది. అలా పడుతూ లేస్తూ తనకి సరిపడే కొలత కనిపెట్టింది. వారంలో మూడు సాయంత్రాలు నలుగురితో, మిగతా కాలమంతా తనతో తను.

పదకొండు రోజులుగా ఆ కొలత తప్పింది. ఆ మొదటి రోజు పొద్దున్నే సింకు దగ్గర కళ్లు తిరిగి పడిపోయింది. ఒక రాత్రి పట్నం ఆస్పత్రిలో ఉంచి, రక్తపోటు మాత్ర ఎక్కువైందని సగానికి తగ్గించి పంపేశారు. అంతే, పెద్ద జబ్బేమీ కాదు. కానీ ఆ సంగతి అడిలైడ్‌లో ఉన్న కూతురు రెనేకి చెప్పలేదు. చెబితే ఈ బండి తన చేతిలో మిగలదని గ్లెనిస్‌కి బాగా తెలుసు. అందుకే రోజూ "బాగున్నాను" అని ఒక్క ముక్క పంపి ఊరుకుంటోంది. గొంతు వింటే కూతురు పట్టేస్తుందని నిన్నంతా ఫోను కట్టేసి పెట్టింది. సాయంత్రాలు కూడా ఎవరి దగ్గరికీ పోవడం లేదు.

తొమ్మిది దాటుతుండగా మట్టిబాట మీద దుమ్ము లేచింది. వచ్చే కారు కూతురిదని గుర్తుపట్టి ఆమె శాలువా సర్దుకుంది.

రెనే కారు సరిగ్గా ఆపకుండానే దిగింది. జుట్టు దువ్వుకోలేదు, స్వెట్టర్ తిరగేసి తొడుక్కుంది. వెనక సీట్లో నాలుగేళ్ల పాపీ నోరు తెరుచుకుని నిద్రపోతోంది.

"ఫోనెందుకు కట్టేశావ్?"

"గుడ్ మార్నింగ్ అనవా ముందు?"

"నిన్న మధ్యాహ్నం నుంచీ పదిహేడుసార్లు చేశానమ్మా. పదిహేడు! రాత్రంతా కంటి మీద కునుకు లేదు. ఐదింటికి పిల్లని దుప్పటితో సహా కార్లో వేసుకుని బయల్దేరాను. దారి పొడుగునా నువ్వు ఎలా పడి ఉంటావో ఊహించుకుంటూ వచ్చాను, తెలుసా?"

"నిక్షేపంలా ఉన్నాను, చూశావుగా. టీ తాగు, కుదుటపడతావ్."

"చిక్కిపోయావ్."

"చిక్కితే మంచిదేగా, డాక్టర్లు అందరూ అదే చెబుతారు" అంటూ గ్లెనిస్ తల తిప్పుకుని కప్పులు తీసింది.

ఈలోగా పాపీ లేచి, చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చి అమ్మమ్మ కాళ్లు చుట్టేసింది. వ్యాన్‌లో ఆ పిల్లకి అన్నీ ఆటవస్తువులే. సొరుగులు లాగింది, కొళాయి తిప్పింది, రేడియో దొరకబుచ్చుకుని "హలో హలో" అంది. గ్లెనిస్ దాన్ని లాక్కుని చేతికందిన చోట, అంటే బల్ల పక్క సీటు దిండు కింద దూర్చింది. పిల్లకి కాగితం, రంగు పెన్సిళ్లు ఇచ్చి మంచం మీద కూర్చోబెట్టింది. రెనే టీ కప్పు పట్టుకుని వచ్చి ఆ దిండు మీదే కూర్చుంది.

"నది ఇంత దగ్గరగా ఉంటే తలుపు బార్లా తీసి పెడతావేంటి? పిల్ల ఉంది ఇక్కడ" అంది కూర్చుంటూనే.

"నిమిషం క్రితం దాకా పిల్ల లేదు కదే ఇక్కడ."

రెనే నవ్వలేదు. కప్పులో చూస్తూ, దారంతా కూడబలుక్కున్న మాటలు అప్పజెప్పినట్టు మొదలుపెట్టింది. "అమ్మా, మా పెరట్లో నీ కోసం కడుతున్న గది పూర్తయింది. నీ అల్లుడు డామియన్ సెలవు పెట్టి మరీ రంగులు వేశాడు. నీకిష్టమైన లేత ఆకుపచ్చ. విడిగా స్నానాలగది ఉంది. మంచం కూడా వేసేశాం."

"చెప్పావుగా ఈస్టర్‌కి. చాలా బాగుంటుంది, వచ్చినప్పుడు ఉంటాను."

"వచ్చినప్పుడు కాదు, వచ్చెయ్యమంటున్నాను. డామియన్ స్నేహితుడొకడు ఇలాంటి వ్యాన్ కోసమే వెతుకుతున్నాడట. ఆదివారం చూడ్డానికి రమ్మన్నాం."

గ్లెనిస్ చేతిలో చెంచా ఆగిపోయింది. "నా ఇల్లు చూడ్డానికి మీరు ఎవర్నో రమ్మన్నారా?"

"ఇల్లు కాదమ్మా, బండి."

"లోపలి నుంచి గడియ పెట్టుకుని నేను నిద్రపోయేది ఇల్లే అవుతుంది. దానికి చక్రాలుంటే నీకేం, రెక్కలుంటే నీకేం?"

"నీకు అరవై ఆరేళ్లు!"

"లెక్క నాకూ వచ్చు. నిన్ను కన్నది నేనే."

"వెటకారం వద్దు. ఇక్కడ నీకు ఎవరున్నారు చెప్పు? ఆ కుర్చీలేసుకుని కూర్చునే ముసలి గుంపా? ఐదయ్యేసరికి గ్లాసులు పట్టుకుని గుండ్రంగా చేరి మోకాళ్ల నొప్పులు, డీజిల్ ధరలు. రేపు నువ్వు పడిపోతే ఒక్కడు వంగి లేపగలడా నిన్ను? వంగితే వాణ్ణి లేపడానికి ఇంకొకడు కావాలి!"

అంత కోపంలోనూ గ్లెనిస్‌కి నవ్వొచ్చింది. ఆ నవ్వు రెనేని మరింత మండించింది.

"నవ్వు. బాగా నవ్వు. వాళ్ల కోసం మమ్మల్ని వదిలేశావ్."

"వాళ్ల కోసం కాదే పిచ్చిదానా! వాళ్లతో వారానికి మూడు సాయంత్రాలు చాలు నాకు. నాలుగో రోజు నా వల్ల కాదు. ఆ కోరల్ ఉంది చూడు, నోరు తెరిచిందంటే మళ్లీ మూసేది దంతాలు తోముకునేటప్పుడే. ఆమె గొంతు వినబడితే బండి వెనక్కి పోయి నిలబడుతున్నాను, దాటిపోయేదాకా. నాకు మనుషులు అక్కర్లేదని కాదు, రోజంతా అక్కర్లేదు. మీ పెరట్లో ఆ గదికి కిటికీ వంటింటి వైపే ఉంది. నువ్వు గిన్నెలు తోముతూ నిమిషానికోసారి నన్ను తొంగి చూస్తావ్. దీపం ఆర్పితే పడుకున్నావా అంటావ్, వెలిగిస్తే నిద్రపట్టలేదా అంటావ్. నాకు ఊపిరాడదు రెనే."

"నేను నీకు ఊపిరాడకుండా చేస్తానా?" రెనే కప్పు కింద పెట్టేసింది.

అలా అనాలనుకోలేదు గ్లెనిస్. కానీ నోరు జారిన మాట కాలు జారిన గొర్రె లాంటిది, ఎక్కడ ఆగుతుందో తెలియదు. ఏదో సర్దబోతుండగా పాపీ మంచం మీంచి జారి, బొమ్మ గీసిన కాగితం పట్టుకుని తెరిచిన తలుపులోంచి బయటికి పరిగెత్తింది. "పాపీ! నీళ్లు!" అంటూ రెనే చివాల్న లేచింది.

ఆమె లేవగానే దిండు కింద ఏదో టక్కుమంది. ఆ వెంటనే మెర్వ్ గొంతు బొంగురుగా, బిడియంగా వినిపించింది. "గ్లెనిస్... అమ్మాయ్... నీ రేడియో బొత్తాం ఇప్పటిదాకా నొక్కుకుపోయి ఉంది. ఇరవై నిమిషాల నుంచీ. మీ మాటలన్నీ అందరికీ వినపడ్డాయి. అది నొక్కి ఉన్నంతసేపూ మా మాట నీకు చేరదు కదా, ఏం చెయ్యాలో తోచలేదు."

గ్లెనిస్ దిండు ఎత్తి చూసింది. రేడియో దొరసానిలా పడుకుని ఉంది. ఆమె దాన్ని చేతిలోకి తీసుకుని బొత్తాం నొక్కింది.

"మీరు కట్టేసుకోవచ్చు కదా మెర్వ్!" అంది.

"నేను కట్టేద్దామనే అన్నాను. కోరల్ కట్టెయ్యనివ్వలేదు."

రెనే పాపీని చంకనేసుకుని వచ్చేసరికి తల్లి మొహం పాలిపోయి ఉంది. సంగతి విని తను కూడా మెట్టు మీద కూలబడింది. "వంగితే లేపడానికి ఇంకొకడు కావాలన్నాను. అది కూడానా?" అని గొణిగింది. జవాబు చెప్పే అవసరం లేకపోయింది. తెల్ల కారవాన్ వైపు నుంచి కోరల్ నడిచి వస్తోంది. ఊదారంగు కోటు, కాళ్లకి ఇంట్లో వేసుకునే బొచ్చు చెప్పులు. దారిలో ఎవర్నీ పలకరించలేదు, కుక్కతో కూడా మాట్లాడలేదు. నోరు మూసుకుని వస్తున్న కోరల్‌ని చూస్తే గ్లెనిస్‌కి నిజంగా భయమేసింది.

"కోరల్, నేను..."

"నీతో తర్వాత." కోరల్ రెనే ముందు నిలబడింది. "అమ్మాయ్, ఒక ప్రశ్న అడిగావు. జవాబు చెప్పి పోదామని వచ్చాను. మీ అమ్మ పడిపోతే ఎవరు లేపుతారని కదా? నేను."

"కోరల్, వద్దు" అంది గ్లెనిస్.

"వద్దా? ఇరవై నిమిషాలు విన్నాను. మెర్వ్ చెయ్యి పట్టుకుని ఆపి మరీ విన్నాను, ఇప్పుడు చెబుతుంది, ఇప్పుడు చెబుతుంది అని. చెప్పలేదు నువ్వు." కోరల్ మళ్లీ రెనే వైపు తిరిగింది. "మీ అమ్మ పదకొండు రోజుల క్రితం ఇదిగో ఈ సింకు కింద పడింది. ఏడున్నరకి చప్పుడు రాలేదు. ఏడు నలభై అయిదుకి మెర్వ్ వచ్చి తలుపు కొట్టాడు. గడియ వేసి ఉంది. ఆ కిటికీ అద్దం ఊడదీసి నేను దూరాను. నన్ను చూస్తున్నావుగా, ఆ కిటికీ చూడు. సగంలో ఇరుక్కుంటే మెర్వ్ వెనక నుంచి తోశాడు. అంబులెన్స్ రావడానికి గంటా పది నిమిషాలు పట్టింది. మీ అమ్మ నిద్రలోకి జారకుండా ఆ గంటా పది నిమిషాలూ మాట్లాడుతూనే ఉన్నాను. నా పెళ్లి కేకు గురించి, మా చెల్లెలి కోళ్ల గురించి. నోరు తెరిస్తే మూయనంది కదా, ఆ రోజు మూయలేదు. నిజమే."

రెనే పాపీని నెమ్మదిగా కిందికి దించింది. "ఏ ఆస్పత్రి? ఎన్ని రోజులు? తలకి దెబ్బ తగిలిందా?" అని కోరల్‌నే అడిగింది, తల్లి వైపు చూడకుండా. ఒక్కొక్కదానికీ జవాబు విని తలూపింది. తర్వాత లేచి లోపలికి వెళ్లి, స్టీరింగు పక్క కొక్కేనికి వేలాడుతున్న బండి తాళంచెవి తీసుకుంది.

"బట్టలు సర్దుకో అమ్మా. వెళ్దాం."

"తాళం అక్కడ పెట్టు."

"ఇంక మాట్లాడొద్దు. నాకు అబద్ధం చెప్పావ్. పదకొండు రోజులు. ఈ బండి నేనే నడుపుకుంటూ..."

"రెనే. తాళం. అక్కడ. పెట్టు."

అది ముప్పై ఒక్క ఏళ్లు బస్సు నడిపిన గొంతు. కదిలే బస్సులో నలభైమంది పిల్లల్ని ఒక్క మాటతో సీట్లకి అతికించిన గొంతు. కన్నకూతురి మీద దాన్ని ఎప్పుడూ వాడలేదు. రెనే చెయ్యి దానంతటదే లేచి తాళాన్ని కొక్కేనికి తగిలించింది. ఆ వెంటనే ఆమె రెండు చేతుల్లో మొహం దాచుకుని, చిన్నప్పుడు ఏడ్చినట్టు వెక్కి వెక్కి ఏడ్చింది.

"నాన్న పోయిన రోజు నేను పక్క గదిలోనే ఉన్నానమ్మా" అంది ఏడుపు మధ్య. "బట్టలు మడతపెట్టుకుంటున్నాను. టీవీ మోగుతోంది. చూస్తున్నాడనుకున్నాను. మధ్యలో ఒకసారి టీవీ మోత తగ్గించమని అరిచాను కూడా. పలకలేదని విసుక్కున్నాను. అప్పటికే... పక్క గదిలో ఉండి కూడా నాకు తెలియలేదు. ఇప్పుడు నీ దగ్గర్నుంచి ఒక్క పూట కబురు రాకపోతే, మళ్లీ ఆ గోడ అవతల నిలబడి బట్టలు మడతపెడుతున్నట్టే ఉంటుంది నాకు."

నాలుగేళ్లలో ఆ మాట బయటికి రావడం అదే మొదటిసారి. గ్లెనిస్ వెళ్లి కూతుర్ని దగ్గరికి తీసుకుంది. రెనే ఎందుకు అన్నిసార్లు ఫోను చేస్తుందో, ఎందుకు కిటికీ వంటింటి వైపు పెట్టించిందో ఇప్పుడు అర్థమైంది. తన మీద పెత్తనం అనుకుంది ఇన్నాళ్లూ.

"నేను వంటింట్లో ఉన్నాను ఆ రోజు" అంది నెమ్మదిగా. "ఆయనకిష్టమని గొర్రె మాంసం కూర వండుతున్నాను. మనిద్దరం ఇంట్లోనే ఉన్నాం రెనే, అటు నువ్వు, ఇటు నేను. మధ్యలో ఆయన పోయాడు. మనకి తెలియడానికి యాభై నిమిషాలు పట్టింది. నీ తప్పూ లేదు, నా తప్పూ లేదు. కానీ ఒక్క మాట ఆలోచించు. ఆ ఇంట్లో యాభై నిమిషాలు. ఇక్కడ పావుగంటకి తలుపు కొట్టారు."

రెనే కళ్లు తుడుచుకుని తల్లి మొహంలోకి చూసింది. ఆ లెక్క ఆమెకి ఇంతవరకు తట్టలేదు.

"మరి ఎందుకు దాచావ్?"

"నువ్వు ఇదిగో ఇలా తాళం తీసుకుంటావని. దాచబట్టే తాళం దాకా వచ్చింది. అది నా తప్పు. ఒంటరిగా ఉండటం వేరు, దాక్కోవడం వేరు. పదకొండు రోజులుగా నేను దాక్కున్నాను." గ్లెనిస్ కోరల్ వైపు తిరిగింది. ఆమె ఇంకా అక్కడే నిలబడి ఉంది, పాపీ ఇచ్చిన బొమ్మ కాగితం పట్టుకుని. "నీ దగ్గర్నుంచీ దాక్కున్నాను. నువ్వు వాగుతావని కాదు. అది వంక. నువ్వు నన్ను అలా చూశావ్... తడిసిన నైటీతో, నోట్లోంచి మాట రాకుండా. నీ మొహం చూస్తే అదే గుర్తొస్తోంది. క్షమించు కోరల్."

కోరల్ రెప్పలు టపటపలాడించింది. "ఓసి పిచ్చి మొహమా! నన్ను మెర్వ్ ఎటువైపు నుంచి తోశాడో, ఆ దృశ్యం ఎలా ఉండి ఉంటుందో ఆలోచించావా? అది చూసినవాడితో నేను ఇంకా కాపురం చేయట్లేదూ? సిగ్గుపడాలంటే ముందు వరసలో నేనుండాలి." అని, ముక్కు చీదుకుంది. "అయినా దంతాలు తోముకునేటప్పుడు నేను మాట్లాడననుకున్నావా? మెర్వ్‌ని అడుగు."

ముందు రెనే నవ్వింది, ఏడుస్తూనే. తర్వాత ముగ్గురూ నవ్వారు. ఎందుకో తెలియకపోయినా పాపీ అందరికంటే గట్టిగా నవ్వింది.

మధ్యాహ్నం బ్రెడ్డు ముక్కల్లో బీట్‌రూట్ పెట్టుకుని తిన్నాక, గ్లెనిస్ కూతుర్ని ఎదురుగా కూర్చోబెట్టుకుంది. దిండు ఎత్తి చూసి మరీ కూర్చుంది రెనే. "నీకు నేను బాకీ పడిన నిజం అంతా చెబుతాను" అంది గ్లెనిస్. "నెలకోసారి పట్నం వెళ్లి రక్తపోటు చూపించుకుంటాను, ఎంతుందో నీకు చెబుతాను. పడినా, జ్వరమొచ్చినా అదే రోజు చెబుతాను. మెర్వ్ దగ్గర నీ నంబరు ఉంటుంది, ఎవరైనా నా తలుపు కొట్టాల్సి వస్తే ముందు నీకే ఫోను. ఈ మూడూ నా వైపు నుంచి. నీ వైపు నుంచి ఒకటే. బండి అమ్మే మాట మళ్లీ ఎత్తొద్దు. ఇది నడపడం నా చేత కాని రోజు నేనే వచ్చి తాళం నీ చేతిలో పెడతాను. ఆ రోజు ఎప్పుడో చెప్పేది నేను."

రెనే పాపీ జుట్టు సవరించింది. తర్వాత ఫోను తీసి డామియన్‌కి చేసింది. "ఆదివారం అతన్ని రావద్దని చెప్పు. లేదు, అమ్మ బాగానే ఉంది. లేదు, నేను ఏడవట్లేదు. అవును, కొంచెం ఏడ్చాను. ఆ గది కిటికీ కూడా పెరటి వైపుకి మార్పించాలి, తర్వాత చెబుతాను" అంది.

సాయంత్రం ఐదింటికి గ్లెనిస్ పదకొండు రోజుల తర్వాత తన కుర్చీ పట్టుకుని బయల్దేరింది. వెనకాలే రెనే బిస్కెట్ల పళ్లెంతో, తలెత్తలేక తలెత్తలేక నడిచింది. అందరూ విన్న సంగతే కదా. గుండ్రంగా కూర్చున్నవాళ్లు ఆమెని చూసి ఏమీ ఎరగనట్టు మొహాలు పెట్టారు. గుడారం ముసలాయన సీసా మూత చేతిలోంచి జారవిడిచి, "అయ్యో" అని మూలుగుతూ దాన్ని తీయడానికి వంగాడు. వెంటనే నలుగురు లేచి "పట్టుకోండి, పట్టుకోండి" అంటూ ఆయన్ని లేపడానికి పరిగెత్తారు. వాళ్లని లేపడానికి మరో ఇద్దరు. రెనే మొహం కందగడ్డ అయింది. మెర్వ్ ఆమెకి తన కుర్చీ ఇచ్చి తను తలకిందులు చేసిన బాల్చీ మీద కూర్చున్నాడు. "మోకాళ్ల గురించి నిజమే చెప్పావమ్మా. డీజిల్ గురించి కూడా. కూర్చో, ఇవాళ్టి ధర ఇంకా చెప్పుకోలేదు" అన్నాడు.

ఎండ పసుపురాళ్ల మీంచి జారిపోతుండగా తిరిగి బండి దగ్గరికి వచ్చారు. "పాపీకి ఇక్కడ బాగుంది కదమ్మా. సోమవారం దాకా ఉండిపోతాం" అంది రెనే, పిల్లని ఎత్తుకుని.

పాత గ్లెనిస్ అయితే సరే అనేది. అని, మూడు రోజులూ పళ్లు బిగబట్టుకుని, ఆ తర్వాత నాలుగు వారాలు ఫోను ఎత్తకుండా తప్పించుకునేది. ఇప్పుడు మాత్రం నిలబడి కూతురి కళ్లలోకి చూసి చెప్పింది. "వద్దు. రేపు పదింటికి బయల్దేరండి. ఇవాళ చాలామందిని చూశాను, చాలా మాట్లాడాను. రెండు రోజులు నాకు ఎవరూ వద్దు. నువ్వు కూడా వద్దు, రెనే."

రెనే పిల్లని ఇంకో చంకకి మార్చుకుంది. "ఇంత సూటిగా నాకు ఎప్పుడూ చెప్పలేదు నువ్వు" అంది.

"చెప్పి ఉంటే పదిహేడుసార్లు ఫోను చేసేదానివి కాదు."

మర్నాడు పదింటికి రెనే పాపీని సీటులో కట్టింది. పట్టీ రెండుసార్లు లాగి చూసింది. మళ్లీ ఇంకోసారి లాగి చూసి, కిటికీ దించి తల బయటపెట్టింది.

"నన్ను ఇలా పంపించేస్తుంటే నీకేం అనిపించట్లేదా?"

"అనిపించకేం? పదకొండింటికి కూర్చుని ఏడుస్తాను. ఆ ఏడుపేదో నన్ను ఒక్కదాన్నే ఏడవనీ. అయ్యాక నీకు ఫోను చేస్తాను."

రెనే నవ్వాలో ఏడవాలో తెలియని మొహంతో కారు కదిలించింది. దుమ్ము అణిగేదాకా గ్లెనిస్ బాట మీదే నిలబడింది. తర్వాత లోపలికి వచ్చి, తలుపు వేసుకుని, సింకులో ఉన్న పాపీ కప్పు కడిగి బోర్లించింది. మంచం మీద రంగు పెన్సిల్ ఒకటి దొరికింది. అది చేతిలో పట్టుకుని కూర్చుని, అనుకున్నట్టే, కావలసినంత సేపు ఏడ్చింది. తలుపు ఎవరూ కొట్టలేదు. పక్కన ఎవరూ వీపు నిమరలేదు. ఎంత హాయిగా ఉందో.

పదకొండూ పదిహేనుకి మొహం కడుక్కుని ఫోను చేసింది. మొదటి మోతకే ఎత్తింది రెనే.

"అయిపోయింది" అంది గ్లెనిస్.

అవతల ముక్కు ఎగబీల్చిన చప్పుడైంది. "నాది ఇంకా కాలేదమ్మా. పెట్రోలు బంకు దగ్గర ఆపాను. పాపీ ఐస్‌క్రీమ్ తింటోంది."

"కానివ్వు. తొందరేముంది? నేనేం మాట్లాడను, ఫోను పట్టుకునే ఉంటాను."

ఫోను చెవికి ఆనించుకుని గ్లెనిస్ దిండుకి చేరగిలబడింది. అవతల కూతురు నెమ్మదిగా ఏడుస్తోంది. ఇవతల తల్లి వింటోంది. ఇద్దరి మధ్యా నూటికి పైగా కిలోమీటర్ల దూరం ఉంది. గోడ మాత్రం లేదు.